వాలు మీద చోటు

“సార్, ఒక్కసారి తాళం తిప్పండి!”

వ్యాను కింద నుంచి మెకానిక్ కేకేశాడు.

స్టీరింగు ముందు కూర్చున్న అతను తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

మెకానిక్ నల్లటి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “చూశారా! కొత్త స్టార్టర్ మోటారంటే అదీ. ఇక నెట్టుడూ లేదు, వాలూ అక్కర్లేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చు.”

“అవును,” అన్నాడతను.

ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తోచలేదు. భార్య పోయి నెల కావస్తోంది. ఏడుపు కూడా రావడం లేదు. మనసు మొద్దుబారిపోయింది.

అది పాతకాలపు క్యాంపర్ వ్యాను. లోపలే పరుపు, చిన్న పొయ్యి. ఊళ్ళు తిరగాలని ఇద్దరూ ముచ్చటపడి కొన్నారు. చివరికి అది తిరిగిందల్లా ఇంటికీ ఆసుపత్రికీ మధ్యే. ఆమె కూర్చోలేకపోయేది, పడుకునే వెళ్ళాలి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, సరిగ్గా అప్పుడే స్టార్టర్ చచ్చింది.

“ఈ మోడలుకి మోటారు దొరకడం కష్టం సార్, టైం పడుతుంది,” అన్నాడు మెకానిక్ ఆనాడు. “అందాకా వాలులో పెట్టుకోండి. బండిని దొర్లించి, రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్టవుతుంది.”

మర్నాడు పొద్దున అతనొక్కడే వ్యానును వాలు దాకా నెట్టాడు. లోపల ఆమె మూలుగుతోంది. వీధి చివరి మేడ కిటికీలోంచి ఓ ముసలాయన చూసి, తెర లాగేసుకున్నాడు.

‘ఈ వీధిలో మనిషన్నవాడే లేడు,’ అని పళ్ళు కొరికాడు అతను.

సాయంత్రానికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. వాలు మొదలయ్యే చోట, ఆ మేడ ముందే, ఖాళీ దొరికింది. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చినా ఆ చోటు ఖాళీయే.

ఒక్కటే తలనొప్పి. ఆ ముసలాయన సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

హారన్ కొడితే నింపాదిగా లేచేవాడు. “ఇప్పుడా రావడం?” అని కసిరేవాడు. కుర్చీ ఈడ్చుకుంటూ లోపలికి పోయేవాడు.

“ఆగండి, మహారాజు సింహాసనం దిగుతున్నారు,” అనేది ఆమె పరుపు మీద నుంచే. ఆ రోజుల్లో వాళ్ళు నవ్వుకున్నది ఆయన్ని చూసే.

ఒకసారి జోరువానలో కూడా గొడుగేసుకుని కూర్చున్నాడు.

అతనికి ఒళ్ళు మండింది. “రోడ్డు మీ సొంతమా? కూర్చోవడానికి ఇంట్లో చోటు లేదా మీకు?”

ముసలాయన వ్యాను లోపలికి ఒకసారి తొంగిచూసి, కుర్చీ తీసేశాడు.

ఆమె ఆసుపత్రిలోనే పోయింది. అతను వ్యానును అటునుంచి అటే మెకానిక్ షెడ్డులో పడేశాడు.

ఇప్పుడు బాగైన వ్యానును, అలవాటు కొద్దీ, ఆ మేడ ముందుకే తోలాడు.

కుర్చీ లేదు. ఆ చోటులో ఎవరిదో కారు ఉంది.

అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది. నెల రోజుల్లో అతనికి వచ్చినది అదొక్కటే. వెళ్ళి తలుపు కొట్టాడు.

ముసలాయన కోడలు తీసింది.

“ఆ కారెవరిదండీ? అది నేను పెట్టుకునే చోటు.”

“మాదేనండీ. ఇన్నాళ్ళూ మా మావయ్యగారు ఇక్కడ పెట్టనివ్వలేదు. మీరొక్కరే వ్యాను నెట్టుకెళ్ళిన రోజే, కారును వెనక వీధికి పంపించేశారు. ఆయన పోయాకే మళ్ళీ తెచ్చుకున్నాం.”

“పోయారా?”

“వారమైంది. గుండెజబ్బు మనిషి కదండీ, అందుకే మీ ఆవిడ సంగతి ఆయనకి చెప్పలేదు.”

“మా ఆవిడ సంగతి ఆయనకెందుకు?”

కోడలు ఆ కారున్న చోటు వైపు చూసింది.

“మీ వ్యాను బయటికెళ్ళిన రోజుల్లోనే అక్కడ కుర్చీ వేయమనేవారండీ, ఆయన పోయిన రోజు కూడా ఎంత పిలిచినా లేవలేదు, ‘ఆ అమ్మాయి ఇంకా ఇంటికి రాలేదు, నేను లేస్తే ఈ చోటు ఎవరో పట్టేస్తారు’ అన్నారు.”