సుంకప్ప టెంకాయ

బోరు బండి మా చేనులోకి రాగానే, నీళ్ళ జాడ చెప్పే సుంకప్ప అరిచాడు: "ముట్టైన ఆడోళ్ళు ఎవురన్నా ఉంటే ఇంటికి పోండి. గంగమ్మ లోపలికి పోతాది."

ఈయన అరచేతిలో టెంకాయ నిలబడితే కింద నీళ్ళున్నట్టు. ఓ-పాజిటివ్ గ్రూపు రక్తమున్న మగవాళ్ళకే ఆ శక్తి అట. ఆయన రక్తం నీళ్ళను చూపిస్తుంది, నాది తరిమేస్తుంది. పోయినేడు బోరులో నీళ్ళు పడక దుమ్ము లేస్తే తప్పు నాదేనన్నాడు. ఆరోజు నాకు ముట్టే కాదు. అయినా ఏడాదంతా అత్త తిడుతూనే ఉంది.

ఈరోజు ముట్టే. పొద్దున లోపల పెట్టుకునే దూది వత్తు, టాంపాన్, పెట్టుకున్నాను. ఇదివరకు రెండుసార్లు భయంతో బిగుసుకుపోయి నొప్పి తెచ్చుకున్నాను. ఈసారి ఊపిరి వదిలి, నడుం వైపు వాలుగా తోశాను. నడిచినా, గొంతుక్కూర్చున్నా అది ఉన్నట్టే తెలియలేదు.

సుంకప్పకూ తెలియలేదు. ఆరునూరడుగుల కింద నీళ్ళు చూసేవాడు నన్ను ఎగాదిగా చూసి, "ఈ బిడ్డ శుద్ధంగా ఉండాది. టెంకాయ ఈమెతోనే కొట్టించండి" అన్నాడు.

కొట్టాను. మధ్యాహ్నానికి దుమ్ము బురదైంది, బురద వెనకే నీళ్ళు ఎగిశాయి.

మొదటి చెంబు సుంకప్పకే ఇచ్చాను. కళ్ళు మూసుకుని గటగటా తాగాడు.

"నాకు నిన్నట్నుంచీ ముట్టు, మామా" అన్నాను, అందరికీ వినపడేలా.

సుంకప్ప మూతి తుడుచుకున్నాడు. "నా టెంకాయ మహిమ అట్లాంటిది. మైలను గూడా తట్టుకునింది."

అత్త బిందె ముంచుతూ, తలెత్తకుండానే అంది:

"ఇంగ ఆ టెంకాయతో పచ్చడి చేసుకో సుంకప్పా. వచ్చే బోరుకు నా కోడల్ని పిల్చుకుని పో."