గంప కింద నల్లపెట్ట

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా నల్లపెట్ట గుడ్లు పెడుతుంది గానీ పొదగదు. అందుకని గుడ్ల మీద కూర్చోబెట్టి గంప బోర్లించాను.

ముసలి పెట్ట గంప దగ్గరికొచ్చింది. "పిల్లల్లేకపోతే రేపు నిన్నెవరే తలుచుకునేది?"

"నువ్వు ముప్ఫై పిల్లల్ని లేపావు గదా అత్తా, నిన్నెవరు తలుస్తున్నారు?"

ముసలిది కాసేపు మట్టి గీరింది. "ఎవరూ లేరులే. అయినా అవి రెక్కల కింద కదులుతుంటే ఎంత బాగుండేదో!"

"నువ్వు ఇష్టపడి కూర్చున్నావత్తా. నా మీద గంప ఉంది."

మర్నాడు పొద్దున్నే గంప ఎత్తేశాను. నల్లపెట్ట బయటికి పరిగెత్తింది. ముసలిది వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

మా కోడలు హైమను రోజూ "ఏమన్నా విశేషమా?" అని అడిగేదాన్ని. ఆ పొద్దున "టీ తాగావా అమ్మా?" అని మాత్రం అడిగాను.