అసెంబ్లీ పాయింట్

"కట్!"

మూడోసారి. అలా అరిచి, దర్శకుడు కూడా తనే అయిన నిర్మాత వెదర్‌బీ నీరసంగా హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ ఆవరణలో నిర్మాతైనా కూలీ అయినా హెల్మెట్, పచ్చ జాకెట్ వేసుకోవాల్సిందే.

లండన్‌లో మొదలుపెట్టి నలభై ఏళ్లలో ఇరవై రెండు సినిమాలు తీశాడు. ఇదే ఆఖరిది. మఫ్రఖ్ అనే ఈ అరబ్బు ఊళ్లోని గోదాములో షూటింగుకి అనుమతి ఈ సాయంత్రం వరకే. మిగిలింది ఒక్క షాట్. మంటలు లేస్తాయి, జనం ప్రాణభయంతో గేటు వైపు పరుగెత్తాలి. అది లేకపోతే సినిమాయే లేదు.

పక్క క్యాంపు నుంచి తెచ్చిన నలభై మంది కూలీలేమో సైరన్ మోగగానే చేతిలో పని కింద పెట్టి, నింపాదిగా నడిచి, గోడ పక్కన వరస కడుతున్నారు.

"వీళ్లెందుకు పరుగెత్తరు?"

ఫోర్‌మన్ రత్నాకర్ తల గోక్కున్నాడు. "సైరన్ మోగితే నడిచిపోయి ఆ గోడకాడి అసెంబ్లీ పాయింట్ల నిలబడాలె సార్. పన్నెండేండ్ల సంది అదే నేర్పినం." కూలీల వైపు తిరిగాడు. "వెంకట్రాములు కాకా, జర ఉరుకుండ్రే! ఇది ఉత్త సినిమా."

"ఉరుకుదామనే ఉన్నది గని కాళ్లు ఇంటలేవు. మొన్న డ్రిల్లుల ఉరికితే నన్ను ఎండల నిలవెట్టింది నువ్వే గాదురా?"

అందరూ గొల్లుమన్నారు. వెదర్‌బీకి నవ్వే ఓపిక కూడా లేదు.

"యల్లా, కానియ్యుండ్రి, ఆఖరిసారి!" రత్నాకర్ కూలీలకు కేకేశాడు.

కెమెరామన్ అనీష్ కెమెరాని గేటు వైపు పెట్టి బటన్ నొక్కాడు. సైరన్ మోగింది. అంతలో వెనకాల జనరేటరు నిజంగానే ఢామ్మని పేలింది. నల్లటి పొగ కమ్మేసింది.

కూలీలు నడిచి వెళ్లి వరస కట్టారు. రత్నాకర్ లెక్కపెట్టాడు. నలభై, సరిపోయారు. సినిమావాళ్లు మాత్రం కేకలు పెడుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, ఎక్కడివక్కడ వదిలేసి గేటు వైపు పరుగు లంకించుకున్నారు.

మంట ఆర్పేసరికి పొద్దు వాలిపోయింది. ఒక కాలికే బూటుతో తిరిగొచ్చిన వెదర్‌బీ ఇసుకలో కూలబడ్డాడు. "ఖలాస్," అన్నాడు, ఇక్కడికొచ్చి నేర్చుకున్న ఒకే ఒక్క మాట. నలభై ఏళ్ల అలసట ఆ మాటలో పలికింది.

వెంకట్రాములు పొగలు కక్కే ఏలకుల చాయ్ తెచ్చి చేతిలో పెట్టాడు. "తాగు సారూ, పానం నిమ్మళమైతది."

వెదర్‌బీ ఒక గుక్క తాగాడో లేదో, తను ఆపకుండా వదిలేసి పారిపోయిన కెమెరాలోకి తొంగిచూసిన అనీష్ గట్టిగా అరిచాడు.

"సార్, షాట్ అదిరింది! అందరికన్నా ముందు మీరే ఉన్నారు!"