తిత్తి నిండా గాలి

"మేజర్ సాబ్, నీకొక మాట చెప్పాలె," అన్నాడు లచ్చన్న.

"పరేడ్ అయినంక చెప్దువు. ముందుగాల నీ పైపు వినిపించు," అన్నాడు కమ్రాన్.

ఒమాన్‌లోని ఘుబ్రాలో ఒక స్కూలు గ్రౌండు. జనవరి ఇరవై ఆరు పొద్దున. జెండా చుట్టూ తాళ్ళు కట్టారు, తాళ్ళ వెనక జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకప్పుడు సైన్యంలో బ్యాగ్‌పైపు ఊది, రిటైరయ్యాక ఒమాన్ వచ్చి తలా ఒక కంపెనీలో పడ్డ వాళ్ళను ఈ బ్యాండు నడిపే పైప్ మేజర్, హైదరాబాదీ కమ్రాన్ ఏరికోరి పోగేశాడు. తనతో కలిపి ఆరుగురు పైపర్లు, డ్రమ్ములవాళ్ళు వేరే. అందరి తలలూ నెరిసినవే.

లచ్చన్నది సోహార్‌లో గోదాం కాపలా. అసలు పైపు పట్టి ఏళ్ళయింది. శుక్రవారాల రిహార్సల్ రూవిలో ఒక రూమ్‌లో, తిత్తి లేని చిన్న గొట్టం మీద సాగింది. పెద్ద పైపులు బయటికి తీస్తే బిల్డింగంతా మీదికొస్తుందని భయం. చిన్న గొట్టానికి వేళ్ళు ఆడితే చాలు. పెద్దదానికి ఊపిరి కావాలి. లచ్చన్న దగ్గర లేనిది అదే.

తప్పక ఊదాడు. చంకలో తిత్తి ఉబ్బింది. భుజం మీది మూడు పైపులూ గుమ్మని లేచాయి. కమ్రాన్ కళ్ళు మూసుకుని విన్నాడు. కాసేపటికే లచ్చన్న కళ్ళకు చీకట్లు కమ్మాయి. నోట్లోంచి గొట్టం లాగేశాడు.

"సుభానల్లా! గదీ ఆవాజ్ అంటే. నువ్వు దొరక్కుంటే ఈ బ్యాండే లేకుండె భాయ్."

"అది గాదు, నాకు..."

కమ్రాన్ అప్పటికే డ్రమ్ముల దగ్గరికి పరుగెత్తాడు.

"మామా, ఇటు చూడు! అత్త లైన్ల ఉన్నది!" తాడు అవతలి నుంచి రూమ్మేటు భూమేశ్ ఫోను చాపాడు. తెరలో లచ్చన్న భార్య చిన్నవ్వ.

"ఏందయ్యా, మొకం గట్ల గుంజుకపోయింది? పాణం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న."

"మరి నవ్వరాదు? వాడకట్టు మొత్తం మనింట్లనే కూసున్నది. నిన్ను టీవీల పెట్టిండ్రు."

ఆమె వెనక ఎవరో ఈల వేశారు. లచ్చన్న నవ్వాడు.

ఇక వెనక్కి పోయే దారి లేదు. జేబు తడుముకున్నాడు. పాత హవాయి చెప్పు కోసి చేసుకున్న బిరడాలు అక్కడే ఉన్నాయి. ఇది బ్యాండుల్లో పాత ఉపాయం. పాట రాని కొత్తవాడిని వరుస నిండుగా కనిపించడానికి నిలబెట్టాలంటే, పైపులు తిత్తిలో దిగే చోట బిరడాలు కొడతారు. తిత్తి ఉబ్బే ఉంటుంది, వేళ్ళు ఆడుతూనే ఉంటాయి, చప్పుడు మాత్రం రాదు. ఐదుగురు ఊదుతుంటే ఆరోవాడి సంగతి ఎవరికి తెలుస్తుంది?

బ్యాండు వచ్చిన బస్సు వెనక్కి పోయి పైపులు ఊడదీశాడు. డ్రైవరు సుఫియాన్ చూడనే చూశాడు. నీళ్ళ సీసా అందించి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఆరామ్‌గ చేస్కో చాచా. నేను ఇక్కడ్నే ఉన్న."

ఆ మాటకే లచ్చన్న ప్రాణం కొంచెం కుదుటపడింది. బిరడాలు బిగించి తిరిగి వస్తుంటే రహీం ఎదురయ్యాడు. అతనూ పైపరే. లచ్చన్న తల దించుకున్నాడు. రహీం కూడా తల దించుకుని బస్సు వైపు పోయాడు.

వరుస కట్టారు. ఎడమ పక్కన రహీం, కుడి పక్క చోటు కమ్రాన్‌ది. వెనక డ్రమ్ములు, ఎదురుగా ముఖ్య అతిథి. సావధాన్‌లో నిలబడ్డాక చెమట తుడుచుకోవడానికి కూడా లేదు. డ్రమ్ము రెండు విడతలు ఉరుముతుంది. రెండోది ఆగిన చోట పైపులు అందుకోవాలి.

కమ్రాన్ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి లచ్చన్న ముందు ఆగాడు. భుజం మీది గళ్ళ శాలువా సర్దాడు. చేయి పైపుల మీదికి పోయింది. దొరికిపోయాననుకున్నాడు లచ్చన్న. ఆ చేయి పైపులకు కట్టిన రిబ్బను ముడి సరిచేసి దిగింది.

"ఇందాక ఏమో చెప్తనంటివి?"

తాళ్ళ దగ్గర భూమేశ్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ఏం లేదు భాయ్."

కమ్రాన్ వచ్చి తన చోట నిలబడ్డాడు. ముఖ్య అతిథి చేయి ఊపాడు. మొదటి ఉరుము మోగింది. లచ్చన్న బుగ్గలు పూరించాడు.

కమ్రాన్ ముందుకే చూస్తూ, పెదవులు కదలకుండా గొణిగాడు. "పరేషాన్ గాకు లచ్చన్నా. రహీంకు ఆయాసం, నాకు గుండె ఆపరేషన్, తతిమ్మ ముగ్గురికి దమ్ము లేదు. అందరం బిరడాలు కొట్టుకున్నం, ఇగ ఊదేటోనివి నువ్వొక్కనివే."