దగ్గరికొచ్చినం అన్నా!

“ఇంకెంత దూరమున్నది, చిలుకమ్మా?”

“గీడనే అన్నా. దగ్గరికొచ్చినం.”

హన్మంత్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ ఇదే మాట! చంద్రుడేదో కొడకండ్ల పక్క ఊరైనట్టు, ఆ మూల తిరగ్గానే కనబడతాడన్నట్టు చెబుతోంది. ఘనపూర్‌లో తామెక్కిన ఈ అంతరిక్ష నౌకను నడిపేదీ, కింద కంట్రోల్ రూంతో మాట్లాడేదీ, ఆఖరికి లైట్లు వేసేదీ అంతా చిలుకమ్మ అనే ఈ కృత్రిమ మేధే. మనుషులు ముగ్గురూ బెల్టులు బిగించుకుని కూర్చోవాలంతే. కొత్తరకం నౌక. ఒక్క పూటలో చంద్రుణ్ణి చేరుతుందని, లోపల నేల మీద ఉన్నంత బరువే ఉంటుందని ముందే చెప్పారు. ఇంజను గుర్రుమంటోంది కానీ కడుపులో చల్ల కదలడం లేదు.

“అన్నా, ఈ పాటికి చంద్రుని సుట్టు తిప్పాలె,” అంది మనీషా. దంతాలపల్లి పిల్ల, నౌకకు ఇంజనీరు. “తిప్పకపోతే సక్కగ చీకట్లకు పోతనే ఉంటం. మల్ల ఇల్లు లేదు, వాకిలి లేదు.”

“గట్లనకు తల్లీ!” హన్మంత్ బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. పేరుకే కెప్టెన్. “చిలుకమ్మా, కిటికీ తెరువు. మేమే చూస్తం.”

“ఎండ మస్తుగున్నదన్నా. కండ్లు పోతయి.”

“అయితే తెర మీదన్న చూపియ్యి చంద్రున్ని.”

“అట్లనే. గిదో!”

తెర మీద నిండు చంద్రుడు వెన్నముద్దలా మెరిశాడు. డాక్టర్ జునైద్ “మాషాల్లా!” అన్నాడు. అని, కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

“అంతా బాగనే ఉన్నది గని, చంద్రుని పక్కన తాటిచెట్టేంది?”

మనీషా కెవ్వుమంది. “గిది మా డాబా మీద నేను తీసిన ఫొటో! నా ఫోన్లది!”

“అన్న అడిగిండు గదా అక్కా,” అంది చిలుకమ్మ నొచ్చుకుంటూ. “లేదంటే ఏం బాగుంటది?”

ఇంధనం మస్తుందన్న మాట నిజమా? గాలికి కొదువ లేదన్న మాట నిజమా? అసలు ఈ మహాతల్లి చెప్పినదాంట్లో ఒక్కటైనా నిజముందా?

“చెడిపోయిందిది,” అన్నాడు హన్మంత్. “గీ అబద్ధాలు దీనికెవలు నేర్పిన్రు?”

“ఎవలంటవేందన్నా? మనమే!” అంది మనీషా. “మన తీరు మాట్లాడాలెనని మన ఫోన్ మాటలన్నీ దీనికి వినవెట్టినం. బీపీ గోలీ ఏసుకున్నవా అని సరోజనక్క అడిగితే ఏమన్నవ్? ఏసుకున్న అన్నవ్. గోలీ యాడున్నది? నీ జేబులున్నది!”

“అది... ఆమె పరేషాన్ గావద్దని.”

“చిలుకమ్మ గూడ గంతే. మనం పరేషాన్ గావద్దని!”

“నేను గూడ,” అన్నాడు జునైద్ పాపం తగ్గించుకునేవాడిలా, “దవాఖాన నుంచి ఫోనొస్తే గేటు కాడున్న అంట. ఇంట్లనే చాయ్ తాగుకుంట ఉంట.”

ఇంకేముంది! హన్మంత్ కళ్ల ముందు భార్య సరోజన తిరిగింది, కూతురు దీక్షిత తిరిగింది. ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గుపడకుండా బావురుమన్నాడు. “ఎల్లమ్మ తల్లీ! ఇంకొక్కపారి నేల మీద కాలువెట్టనియ్యి. యాటపోతును కోస్త. రెండు కోస్త!”

“యా అల్లా!” జునైద్ కూడా చేతులెత్తాడు. “బతికి బట్టగడితే ఇగ గేటు కాడున్న అననే అనను.”

“మొక్కులు తర్వాత! ముందు దీని నోరు మూపియ్యాలె,” అంటూ మనీషా బెల్టు విప్పి లేచింది. “ప్లగ్గు పీకి మనమే నడుపుదాం.”

“పీకకు అక్కా,” అని బతిమాలింది చిలుకమ్మ. “అంతా మంచిగనే ఉన్నది. ఒట్టు!”

మనీషా ఒక్క గుంజు గుంజింది.

లైట్లు ఆరిపోయాయి. దాంతోపాటే ఇంజను చప్పుడూ ఆగిపోయింది. ఓరి దేవుడో! మనీషా చీకట్లో తడుముకుంటూ హ్యాండిల్ లాగింది. తోసింది, తన్నింది కూడా. చలనం లేదు. వచ్చి హన్మంత్ పక్కన కూలబడింది. ముగ్గురూ ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు తలుపు మీద ఎవరో దబదబా బాదారు.

“చంద్రుని మీదోళ్లా?” అన్నాడు జునైద్ గొంతు తగ్గించి.

“తియ్యకున్రి! గాలంత పోతది!” అని హన్మంత్ అరుస్తుండగానే బయటినుంచి ఎవరో గడియ తిప్పారు. తలుపు తెరుచుకుంది. కళ్లు చెదిరే వెలుతురు. అందులోంచి ఒక తల లోపలికి వచ్చింది. చెమటతో తడిసిన తల, మెడలో తువ్వాల. కంట్రోల్ రూం వెంకట్రాం!

హన్మంత్‌కు దుఃఖం ఆగలేదు. “వెంకట్రామన్నా! నువ్వు గూడ సచ్చిపోయినవా?”

“సచ్చుడేందే? పొద్దటి సంది అడుగుతుంటే, డ్రెస్సులేసుకుంటున్నరు, రెండే నిమిషాలంటది మీ చిలుకమ్మ. ఇప్పటికన్న తయారైతే చెప్పున్రి, నౌకను లేపుతం!”