వేమూరు దాటాక

రెండో డ్రైవరు మానేసి నెల దాటినా బస్సు కంపెనీవాళ్లు కొత్తవాణ్ణి పెట్టలేదు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, ఆ రాత్రి తెనాలిలో కండక్టరు హనుమయ్య మేనేజరును బతిమాలాడు.

"రాఘవయ్య బాబాయి మూడు రోజులుగా ఒక్కడే బండి నడుపుతున్నాడు, కునుకు తియ్యలేదండి. ఈ ఒక్క ట్రిప్పూ ఆపించండి."

"రేపు చూద్దాంలే. ముందు బస్సు తియ్యండి," అన్నాడాయన తల ఎత్తకుండానే.

వేమూరులో చివరి ప్యాసింజరు దిగిపోయాడు. ఇక రేపల్లె దారంతా చీకటి, పక్కనే కాలువ. రాఘవయ్యకు నిద్ర పట్టకుండా హనుమయ్య అతని వెనక సీట్లో కూర్చుని, తన పెళ్లిలో బావమరుదులు చెప్పులు దాచేసిన ముచ్చట ఎత్తుకున్నాడు. మాట మాటకీ "ఊఁ" అని వినపడుతుంటే ప్రాణం కుదుటపడింది. మలుపుల్లో బస్సు ఎంతో ఒడుపుగా తిరుగుతోంది.

భట్టిప్రోలు దాటాక ఎందుకో ముందుకు వంగి చూశాడు. రాఘవయ్య గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

"బాబాయ్!" అంటూ భుజం పట్టి కుదిపేశాడు.

రాఘవయ్య ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. కాలువ గట్టు అంచున బస్సు ఆగింది. ఇంజనూ ఆగిపోయింది.

"ఎక్కడున్నాంరా?"

"భట్టిప్రోలు దాటాం."

"వేమూరులో నువ్వు బెల్లు కొట్టావు. ఆ తర్వాత నాకేం తెలీదురా."

"మరి ఇందాకట్నుంచీ ఊఁ కొడుతున్నావుగా?"

"నేనా?"

కాలువ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు వెనక ఖాళీ సీట్ల చీకట్లోంచి ఎవరో నెమ్మదిగా అడిగారు.

"ఊఁ... తర్వాత?"