రొయ్యల చెరువుకి కొత్త కోడలు

ఆ రోజుల్లో ఏ మాట్లాడే కంప్యూటర్ పెట్టె ఆన్ చేసినా లోపలున్న సాఫ్ట్‌వేర్ ముందు తన దేశం పేరు చెప్పుకోవాల్సిందే, అది చట్టం. మన దేశంది కాకపోతే పల్లాలమ్మ గడప తొక్కనిచ్చేది కాదు. ఆమె రొయ్యల చెరువు కాసే పెట్టె మూలపడితే, మరిది అబ్బులు ఓ పరాయి దేశం పెట్టె పట్టుకొచ్చి, "మాది ఈ పక్క ఉండి ఊరండీ" అని పలికేలా చేసి బిగించేశాడు.

మేత ఎప్పుడెయ్యాలో, నీళ్ల రంగు ఎలా చూడాలో నెలరోజులపాటు పల్లాలమ్మే దానికి తిట్టి తిట్టి నేర్పింది.

ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మేసింది. "అమ్మా, నీళ్లలో గాలి తగ్గిపోతోంది! నీళ్లు చిలికే ఫ్యాన్లు తిప్పేస్తున్నా, పరిగెత్తుకు రండి!" అని పెట్టె కేకేసింది. ఇంకాస్త ఆలస్యమైతే రొయ్యలన్నీ చచ్చి తేలేవే. పంట బతికింది.

అబ్బులు నవ్వాపుకోలేక నిజం కక్కేశాడు. "వదినా, అది మంచు కురిసే దేశంది! రొయ్య మొహం చూసిందే నీ చెరువులో!"

పల్లాలమ్మ చెప్పు తీసింది. మళ్లీ ఏమనుకుందో, పెట్టె వైపు తిరిగింది.

"ఏమే, నా చెరువు కబుర్లు పుట్టింటికి మోస్తున్నావా?"

"మోయమనే పంపారమ్మా. వద్దంటే మానేస్తాను."

"మానెయ్. ఒరే అబ్బులూ, మానిందో లేదో రోజూ చూసి చెప్పు. అదే నీకు శిక్ష."

"మరి అది చెప్పుకునే ఊరు పేరు వదినా?"

"నిజమే చెప్పమను. నేను మాత్రం ఇక్కడ పుట్టానా? బొబ్బిలి నుంచి కాపరానికొచ్చినదాన్నేగా!"

మర్నాడు పొద్దున్నే పెట్టె గొంతు సవరించుకుంది. "పుట్టింది మంచు దేశమండీ, మెట్టింది పల్లాలమ్మగారి చెరువండీ!"